ఎడమ బూటు

దుకాణంలో మార్సీ లఫోర్ పెట్టె మూత తీసి కుడికాలి బూటు బయట పెట్టింది. దాని ముక్కులో కుక్కిన కాగితం ఉండను రెండు వేళ్ళతో లాగి బుట్టలో పడేసింది. ఎడమది కూడా తీయబోతే ఆర్విడ్ కాంగస్ పెట్టె మీద చెయ్యి వేశాడు.

“ఒకటి చాల్లే. రెండు కాళ్ళూ కవలలు.”

“కవలల్లో ఒకడెప్పుడూ లావుగానే ఉంటాడు జడ్జిగారూ.”

“మావాళ్ళు ఒకే కంచంలో తిన్నారు.”

మార్సీ నవ్వి, సరే ముందు కుడిదే కానివ్వమని నేల మీద కూర్చుంది.

నీమి హార్బర్‌లో అందరూ ఆయన్ను జడ్జి అనే పిలుస్తారు. ఆయన చదివింది లా కాదు, చేసింది ఇనుప గనిలో కరెంటు పని. ఏటా ఫిబ్రవరిలో అడవిలో మంచు మీద సైకిల్ రేసు జరుగుతుంది. సగం దారిలో ఒక చెక్క క్యాబిన్ ఉంది. అక్కడ ప్రతివాడూ ఆగి బూట్లు విప్పాలి. ఆర్విడ్ ముక్కాలిపీట మీద కూర్చుని వాళ్ళ కాలివేళ్ళు ఒక్కొక్కటే చూస్తాడు. గోరు నొక్కి వదిలి, పైకి అంకెలు లెక్కపెడతాడు. మూడు అనేలోపు గోటి కింద ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే చలికి వేలు దెబ్బతిన్నట్టే; బయటికెళ్ళి ఆ మనిషి సైకిల్‌ను మంచులో తలకిందులుగా నిలబెట్టి వస్తాడు. చక్రాలు పైకి ఉన్న సైకిల్ రేసులో లేనట్టే. దాని మీద వాదన ఉండదు. మార్సీ సైకిల్ కూడా ఒక ఏడు అలా నిలబడింది. ఆమె ఆడవాళ్ళందరికంటే ముందున్న ఏడది. ఆ తర్వాత ఆమె రేసులో దిగలేదు. ఊళ్ళో మిగతావాళ్ళు ఉత్త జడ్జి అంటారు. గారూ తగిలించేది మార్సీ ఒక్కతే.

బల్ల మీద అప్పటికే మూడు జతలు వరసగా ఉన్నాయి. మొదటిదాని అడుగున పెడల్‌కి పట్టుకునే ఇనుప బిళ్ళ ఉంది. చలిని లోపలికి దింపే మేకు అదేనని ఆర్విడ్ దాన్ని కాలికి పెట్టకుండానే పక్కకి జరిపాడు. రెండోదాని అడుగు మరీ గట్టిది. పెడల్ మీది ముళ్ళు అందులో దిగవు, కాలు జారుతుంది. మూడోది వెచ్చనిదే గాని చీలమండ దగ్గరే ఆగిపోయింది. లోతు మంచులో దిగి సైకిల్ తోసేవాడికి అది బూటు కాదు, గిన్నె. నాలుగోది పిక్క సగందాకా వస్తుంది. ఆర్విడ్ దాని నాలికను ముందుకు లాగి, పక్కల కుట్టు ఎంత ఎత్తుదాకా ఉందో గోటితో గీసుకుంటూ చూశాడు. నీళ్ళు దూరవని పెట్టె మీద రాసిన ప్రతి బూటుకీ నీళ్ళు దూరే గుమ్మం ఒకటుంటుంది. అది ఎంత ఎత్తున ఉందో చూసి కొనుక్కోవాలని కొత్తవాళ్ళకు ఆయనే చెప్పేవాడు. ఈ బూటు గుమ్మం బాగా పైన ఉంది.

సైజు దగ్గర ఇద్దరికీ పేచీ రాలేదు. మామూలుకంటే ఒకటిన్నర పెద్దది. బిగుతు బూటులో ఎంత ఉన్ని వేసినా కాలు గడ్డకడుతుంది. వేళ్ళ ముందు ఖాళీ ఉండాలి. వెచ్చగా ఉంచేది ఆ ఖాళీలోని గాలే.

మార్సీ ఆయన కుడికాలికి బూటు తొడిగి, పక్కనున్న మీట తిప్పింది. లేసుల బదులున్న తీగ బిగుసుకుంది.

“వేళ్ళు కదపండి.”

ఆర్విడ్ కదిపాడు. కదిపి బూటు ముక్కు వైపు చూశాడు. తోలు కొంచెం ఉబ్బి తగ్గింది. అప్పుడు తలూపాడు.

ఆయన ఎటు చూశాడో మార్సీ చూసింది. ఆ కాలు తన మోకాలి మీద పెట్టుకుని, ఆయనకు కనబడకుండా అడుగు వైపు చెయ్యి పోనిచ్చింది.

“బొటనవేలి కింద నొక్కుతున్నాను. తెలుస్తోందా?”

“తెలుస్తోంది.”

“మెత్తగానా, గట్టిగానా?”

“నొక్కినట్టుంది. అమ్మాయ్, బూట్లమ్ముతున్నావా, నాడి చూస్తున్నావా?”

మార్సీ ఆయన కాలు దింపి, ఎడమది కూడా వేసి చూడమని ఇంకోసారి అడిగింది. మేజోడుకి చిల్లుందని, దుకాణంలో పరువు తీయొద్దని ఆర్విడ్ అన్నాడు. ఆమె కుడి బూటును పెట్టెలో ఎడమదాని పక్కన పడుకోబెట్టి మూత మూసింది. మూత మీద చేతులు అలాగే ఉంచి నిలబడింది. తరవాత, ఈసారి క్యాబిన్‌లో సాయానికి తనూ వస్తున్నానని చెప్పింది. ఇన్నేళ్ళూ రానిదానివి ఇప్పుడెందుకని ఆయన అడిగాడు.

“మీ పీట ఎంత ఎత్తుందో చూద్దామని.”

ఎడమ మేజోడుకి చిల్లు లేదు. లోపల బొటనవేలి కింద పుండుంది. జనవరిలో ఒక సాయంత్రం కట్టెల పొయ్యి గట్టు మీద కాలు పెట్టుకుని ఆర్విడ్ పేపరు చదువుతున్నాడు. ఉన్ని మాడిన వాసన వస్తే, భార్య బెర్నిస్ వంటింట్లో ఏదో మరిచిపోయిందనుకుని ఆమెను కేకేశాడు. తరవాత కిందికి చూసుకున్నాడు. నొప్పి వస్తుందని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. మేజోడును పొయ్యిలో వేసి, వేలికి టేపు చుట్టుకున్నాడు. షెడ్డులో మరమ్మతు పనులకు వాడే వెండిరంగు టేపు అది.

షుగర్ బయటపడ్డప్పటినుంచి నర్సు ఒకటే మాట చెబుతోంది. రోజూ రాత్రి పడుకోబోయే ముందు పాదాలు అడుగున చూసుకోవాలి. బెర్నిస్ అందుకోసం పొడుగు పిడి ఉన్న అద్దం తెచ్చి కుర్చీ పక్కన మేకుకి తగిలించింది. చూసుకున్నావా అని ఆమె పక్క గదిలోంచి అడుగుతుంది. చూసుకున్నానంటాడు. ఎలా ఉన్నాయంటుంది. పాదాల్లాగే ఉన్నాయంటాడు. శనివారం ఆవిరి గదికి ఇద్దరూ కలిసి వెళ్ళడం వాళ్ళ పెళ్ళినాటి అలవాటు. జనవరి నుంచి ఆయన వేడి పడటంలేదని చెప్పి, ఆమె వచ్చేశాక, గది చల్లారుతున్నప్పుడు వెళుతున్నాడు. మీ నాన్నకి తొంభై ఏళ్ళొచ్చినా పడింది, నీకేమొచ్చిందని ఒకసారి అడిగి ఆమె ఊరుకుంది.

నిజం చెబితే ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. స్పర్శ పోయిన కాళ్ళు మంచులోకి వెళ్ళకూడదని నర్సు తేల్చి చెప్పింది. బెర్నిస్ ఆ సాయంత్రమే సైకిల్‌ను తమ్ముడి కొట్టంలో పెట్టి తాళం వేయిస్తుంది. సైకిల్ లేకపోతే క్యాబిన్ లేదు. మొదటి ఏడు రేసుకు ఒక డాక్టరును పిలిచారు. ఆయన మోటారు మంచుబండి మీద దుప్పటి కప్పుకుని వచ్చి, వెచ్చటి చేతులతో ఇద్దర్ని ఆపేశాడు. మా దారి ఎలాంటిదో నీకేం తెలుసని వాళ్ళు ఆయన మీదికి వెళ్ళారు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నారు. కాళ్ళు చూసేవాడు అదే దారిలో, అదే చలిలో, సైకిల్ తొక్కుకుంటూనే రావాలి. ఆ నియమం రాసింది ఆర్విడ్.

కొత్త బూట్లు వేసుకుని ఆయన ఆ వారమంతా అడవిలోకి వెళ్ళొచ్చాడు. పలచటి మేజోడు, దాని మీద బ్రెడ్ వచ్చిన ఖాళీ ప్లాస్టిక్ సంచి, దాని మీద ఉన్ని మేజోడు, ఆపైన బూటు. వాళ్ళ నాన్న గనికి వెళ్ళేటప్పుడూ అంతే, చెమట ఉన్నికి అంటకుండా ఆ సంచి. కుడి బూటులో కాలు తేలిగ్గా దిగింది. ఎడమది మొదట మొరాయించింది. మడమ నేలకేసి తట్టి, పిక్క దగ్గర రెండు చేతులతో పట్టి లాగితే దిగింది. కొత్త తోలు అంతేననుకున్నాడు. తొక్కుతున్నప్పుడు కుడికాలు బూటులో కాస్త ఆడుతోంది, ఎడమది కదలడం లేదు. ఎడమదే సరిగ్గా అతికిందని, కుడిదానికి ఇంకో మేజోడు వేయాలని అనుకున్నాడు.

ఆ ఏడు చలి సరిగా పట్టలేదు. పగలు మంచు కరిగి, గడ్డకట్టిన వాగు మీద నీళ్ళు పారి, పైన మళ్ళీ పలచటి పొర కట్టేది. ఆ పొర మీద టైరు ఎక్కితే పగిలి చక్రం జానెడు దిగబడుతుంది. ఆర్విడ్ ఆ నీళ్ళలో కావాలని కాలు దింపి, పది అడుగులు వేసి ఒడ్డెక్కాడు. బూటు లోపలికి చుక్క రాలేదు. వాగు ఒడ్డున నిలబడి రెండు బూట్లనూ కాసేపు చూసుకున్నాడు. సరైనవే ఎంచుకున్నాననుకున్నాడు.

ఇంటికొచ్చాక బూట్లను పొయ్యి వెనక కొయ్యలకి బోర్లించేవాడు. తెల్లారేసరికి కుడిది ఎండేది. ఎడమదాని అంచు తడిగానే ఉండేది. పొయ్యికి ఎడమవైపు గాలి తగలదనుకుని రెంటినీ అటూ ఇటూ మార్చాడు. అయినా ఎడమదే తడి. బెర్నిస్ ఆ బూటు చేతిలోకి తీసుకోబోతే, అది ఆరుతోంది కదపొద్దని అన్నాడు. ఆమె ఆయన కేసి చూసి, బూటు వదిలేసి, యాలకుల రొట్టె కోసుకుంటూ కూర్చుంది.

“అద్దం మీద దుమ్ముంది ఆర్విడ్.”

“తుడుస్తాను.”

“నేను తుడవమని చెప్పడం లేదు.”

ఆయన పొయ్యిలో కట్టె వేశాడు.

రేసు నాడు పొద్దున్నే వానా కాదు, మంచూ కాదు, రెంటికీ మధ్యది పడుతోంది. ఆర్విడ్ అందరికంటే ముందు బయల్దేరి క్యాబిన్ చేరుకుని పొయ్యి వెలిగించాడు. వెనకే మార్సీ వచ్చింది. సైకిల్‌కి కట్టిన సంచుల్లోంచి పొడి మేజోళ్ళు, తువ్వాళ్ళు, బెర్నిస్ ఇచ్చిన మాంసం కూరిన రొట్టెలు తీసి పొయ్యి పైన సర్దింది. ఆయన నడక చూసి, ఎడమకాలు ఈడుస్తున్నారేమని అడిగింది. కొత్త బూటు, ఇంకా మెత్తబడలేదని చెప్పాడు.

ముందు వచ్చినవాళ్ళ కాళ్ళు ఎర్రగా, ఆవిర్లు కక్కుతూ ఉన్నాయి. ఆర్విడ్ పీట మీద కూర్చుని ఒక్కొక్క మడమ తన తొడ మీద పెట్టుకుని చూశాడు. నొక్కి, వదిలి, ఒకటి, రెండు. మార్సీ తువ్వాలు అందించింది. బయట వాళ్ళ సైకిళ్ళు ఒకటొకటిగా వెళ్ళిపోయాయి.

మధ్యాహ్నం ట్రెంట్ అనే అతను వచ్చాడు. మినసోటా నుంచి వచ్చినవాడు, నడివయసు, ఇంకా పోటీలోనే ఉన్నాడు. వాగు దగ్గర మోకాలిదాకా దిగబడ్డాడు. అతని బూట్లూ నీళ్ళు దూరనివే. పైనుంచి వచ్చిన నీళ్ళు బయటికీ పోలేదు. విప్పి వంచితే చెక్క నేల మీద మడుగు కట్టింది. ఆర్విడ్ అతని వేళ్ళు తుడిచి, చివరి రెండింటినీ పొయ్యి వెలుతురుకి తిప్పాడు. గోరు నొక్కాడు. ఒకటి, రెండు, మూడు. కొవ్వొత్తి రంగు అలాగే ఉంది.

“స్పర్శ ఉంది. నువ్వు పట్టుకుంటే తెలుస్తోంది,” అన్నాడు ట్రెంట్.

“అందరికీ తెలుస్తూనే ఉంటుంది.”

“నా కాలు గురించి నాకు తెలీదా?”

“తెలీదు. అందుకే నేనిక్కడ కూర్చున్నాను.”

ఆర్విడ్ లేచి బయటికి వెళ్ళాడు. ట్రెంట్ తువ్వాలు చుట్టుకున్న కాళ్ళతో గుమ్మం దాకా వచ్చి, తన సైకిల్ తిరగబడటం చూశాడు. ఇంటిదగ్గర ఏడాదంతా ఏం వదులుకున్నాడో, ఎన్ని ఉదయాలు లేచాడో చెప్పుకుపోయాడు. ఆర్విడ్ విన్నాడు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆ మాటలే చెబుతారు. మంచుబండి వచ్చి అతన్ని, సైకిల్‌నీ ఎక్కించుకునేటప్పుడు ట్రెంట్ వెనక్కి తిరిగాడు.

“మరి నీ కాళ్ళెవరు చూస్తారు తాతా?”

బండి నడిపేవాడు నవ్వాడు. ఆర్విడ్ కూడా నవ్వబోయాడు. బండి మోత చెట్ల వెనక సన్నబడేదాకా మార్సీ గుమ్మంలోనే నిలబడింది. తరవాత తలుపు వేసి, ముక్కాలిపీట లాక్కుని, ఆయన కూర్చున్న బల్ల ముందు కూర్చుంది.

“ఇక మీ బూట్లు జడ్జిగారూ.”

“ఇంకా జనం రావాలి.”

“వచ్చేలోపు అయిపోతుంది.”

“పాత బాకీ తీర్చుకుంటున్నావా?”

“అవును. కాలు ఇటివ్వండి.”

ఆర్విడ్ కుడికాలు చాపాడు. ఆమె మీట తిప్పి, బూటు లాగి, మేజోళ్ళూ సంచీ తీసి చూసింది. పాదం చల్లగా ఉంది గాని గోటి కింద ఎరుపు వచ్చింది. దాన్ని తువ్వాల్లో చుట్టి, ఎడమకాలి కోసం చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు. ఆమె చెయ్యి అలాగే చాచి ఉంచింది.

“ఆ రోజు దుకాణంలో నొక్కుతున్నానన్నాను గుర్తుందా?” అంది. “నేను నొక్కలేదు. చెయ్యి అడుగున ఊరికే పెట్టాను, అంతే.”

పొయ్యిలో తడి కట్టె చిటపటమంది.

“తెలిసి కూడా అమ్మాను. అమ్మనంటే ఇంకో ఊళ్ళో కొంటారని అమ్మాను. అప్పటినుంచి నిద్ర లేదు నాకు.”

ఆర్విడ్ ఎడమకాలు ఆమె తొడ మీద పెట్టాడు.

మీట తిప్పాక కూడా బూటు రాలేదు. ఆమె లేచి నిలబడి, మడమ పట్టి ఇటూ అటూ కదిపి లాగింది. వచ్చింది. ఉన్ని మేజోడు ముక్కు నల్లగా తడిసి ఉంది. బ్రెడ్ సంచి చినిగిపోయింది. వెండిరంగు టేపు ఊడి సంచికి అంటుకుంది. మార్సీ ఆ బూటు తలకిందులు చేసి విదిలించింది. ఏమీ పడలేదు. లోపలికి మోచెయ్యి దాకా పోనిచ్చి, చివర దేన్నో పట్టుకుని లాగింది.

కాగితం ఉండ. పెట్టెలోంచి వచ్చినప్పటి గోధుమరంగు కాగితం. రాయిలా గట్టిపడింది. ఒక పక్క ఐదు గుంటలు పడి ఉన్నాయి. పెద్ద గుంట ఎర్రగా తడిసింది.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆర్విడ్ దాన్నీ, తన పాదాన్నీ మార్చి మార్చి చూశాడు. వేళ్ళు వెనక్కి మడుచుకుపోయి ఉన్నాయి. బొటనవేలి కింద చర్మం లేదు. వేరే ఎవరి కాలో తొడ మీద పెట్టుకుని చూసినట్టే చూశాడు. ఇన్నేళ్ళలో చూసినవాటిలో ఇది అన్నిటికంటే పాడైన కాలని కూడా తెలిసింది. నొప్పి వస్తుందేమోనని మళ్ళీ ఎదురుచూశాడు.

“ఎప్పటినుంచి ఆర్విడ్?”

ఆమె ఆయన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

“కొన్నప్పటి నుంచి.”

“రోజూ ఇదే వేసుకుని తొక్కావా?”

“సరిగ్గా అతికిందనుకున్నాను.”

మార్సీ తల దించుకుని, తువ్వాలు అంచుతో పాదం చుట్టూ మెల్లగా అద్దింది. తనను ఆపిన ఏడు తన వేలు కూడా అలాగే ఉండిందని, ఏమీ తెలియకపోయినా తెలుస్తోందనే చెప్పానని అంది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదంది. ఆర్విడ్‌కి ఆ రోజు గుర్తుంది. ఆమె అబద్ధం చెబుతోందని అప్పుడే తెలుసు. ఆ వేలిని నమ్మాడు గాని ఆమెను నమ్మలేదు.

ఆమె బొటనవేలు వదిలి, రెండో వేలి గోరు నొక్కి, వదిలింది. లెక్కపెట్టలేదు. గదిలో ఆ పని ఎప్పుడూ ఆయనదే. ఆర్విడ్ నోరు అలవాటు కొద్దీ కదిలింది.

“ఒకటి. రెండు. మూడు.”

ఇద్దరూ గోటిని చూస్తూ ఉన్నారు. ఆయన ఆ తర్వాతి అంకె పలకలేదు.

మార్సీ పొడి గుడ్డ తెచ్చి పాదాన్ని చుట్టి, పొయ్యికి దూరంగా ఇంకో బల్ల మీదికి ఎత్తి పెట్టింది. మంచుబండి తిరిగి రాగానే ఆసుపత్రికి వెళ్ళాలంది. బెర్నిస్‌కి తను చెప్పనా అని అడిగింది. వద్దన్నాడు. అద్దం తెచ్చింది ఆవిడ, ఆవిడకు తనే చెప్పాలన్నాడు. ఏం చెప్పాలో ఆలోచించబోయాడు గాని మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. తరవాత కిటికీ వైపు చూశాడు. ఆయన సైకిల్ గోడకి ఆనించి ఉంది. దాని సీటు మీద మంచు పేరుకుంటోంది.

“నువ్వు తిప్పుతావా, నేను లేవనా?”

“ఇప్పుడే తిప్పాలా?”

“నేనైతే ఆలస్యం చేసేవాణ్ణా?”

ఆమె కోటు వేసుకోకుండానే వెళ్ళింది. కిటికీలోంచి ఆయన చూశాడు. ముందు సీటు మీది మంచు చేత్తో తుడిచింది. సైకిల్ బరువైనది; ఒక్కదానివల్ల కావడం కష్టం. చట్రం పట్టి ఎత్తి, తొడ ఆనించి, తిప్పి, సీటు మంచులో గుచ్చి నిలబెట్టింది. పడకుండా రెండు పక్కలా బూటుతో మంచు ఎగదోసి తొక్కింది. ఆయనెప్పుడూ ఎవరి సైకిల్‌కీ అంత చెయ్యలేదు.

ఆమె లోపలికి వచ్చి చేతులు కాచుకుంటుండగా తలుపు తెరుచుకుంది. ఒకామె, మూతికి కట్టిన గుడ్డ మీద మంచు గడ్డకట్టి, లోపలికి వచ్చి తలుపు మూసింది. గుడ్డ కిందికి లాగి, ముందు పొయ్యి వైపు, తరవాత వెనక్కి తలుపు వైపు చూసింది.

“బయట తిరగబడింది ఎవరిది? ఎవరి రేసు అయిపోయింది?”

“నాది,” అన్నాడు ఆర్విడ్.

జడ్జి ఇవాళ జోకులు కూడా వేస్తున్నాడే అని ఆమె నవ్వి, బల్ల మీద కూర్చుని బూటు విప్పడం మొదలుపెట్టింది. ఆర్విడ్ పీట కోసం అలవాటుగా చెయ్యి చాచాడు. పీట మార్సీ దగ్గర ఉంది. ఆమె దాన్ని ఆ కొత్తామె ముందుకు జరుపుకుని కూర్చుంది.